ఓడరేవులు, వర్తకము, మన కర్తవ్యము

(కార్తిక పూర్ణిమ నాటి సాయంకాలము బ్రహ్మపురములో జరిగిన మన సంఘ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



నేటి తెల్లవారుజామున మన ఆడపడుచులు అరటి దొప్పలలో దీపములు వెలిగించి చెరువు నీటిలో విడిచిరి. అదే గట్టున మన ఒడియా సోదరులు అరటి బోదెలతోను, రంగు కాగితములతోను చేసిన చిన్న ఓడలను వదలి, పూర్వము సముద్రముపై వర్తకమునకు పోయిన తమ సాధవులను తలచుకొనిరి. ఆ పండుగను వారు బోయిత బందాణ యందురు. మన దీపములును వారి ఓడలును ఒకే గాలికి ఒకే దిక్కునకు సాగిపోవుచుండగా మేము కొంతసేపు నిలిచి చూచితిమి. సముద్రమును గురించి మాటలాడుటకు ఇంతకంటె తగిన దినము లేదని తోచినది.

మేము పండితులము కాము. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, ఇరువదియైదేండ్లుగా జీడిపప్పు వర్తకములో నున్నవారము. గ్రంథములు చూచి చెప్పునది కొంత, గోదాములో నేర్చినది కొంత. తప్పులున్న పెద్దలు దిద్దుదురు గాక.

ఈ ప్రసంగమునకు కారణము ఒక కుర్రవాడు. గత మాసములో అతడు సంచి భుజమున వేసికొని మా కొట్టు ముందర నిలిచి, సెలవు తీసికొనుచు ఇట్లడిగెను: "మన దగ్గరలోనే రేవుంది గదా బాబాయిగారూ, మరి నేను సూరతు రైలు ఎందుకెక్కాలి?" మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. అతడు రైలెక్కి పోయినాడు. ఆ బదులును నేడు మీ అందరి యెదుట చెప్ప ప్రయత్నింతుము.

మొదట రేవు వలన దేశమునకు గలుగు ప్రయోజన మెట్టిదో చూతము. మన దేశపు విదేశ వర్తకములో పరిమాణమున నూటికి 95 వంతులు, విలువలో సుమారు 70 వంతులు సముద్రము మీదనే జరుగుచున్నవని ప్రభుత్వపు లెక్క. దీనికి కారణము సులభము. ఒక పెద్ద గూడ్సు రైలు సుమారు 4,000 టన్నులు మోయును. 60,000 టన్నులు మోయు ఓడ యొక్కటి వచ్చిన, అట్టి పదునైదు రైళ్ల సరుకు వచ్చినట్లు. లారీకి 25 టన్నుల చొప్పున లెక్కించిన 2,400 లారీలు కావలెను. ఆ ఓడను నడుపువారు ఇరువది, ఇరువదియైదుగురు మాత్రమే. బరువును నీరే మోయుచుండగా యంత్రము త్రోయుట మాత్రమే మిగిలినది. అందుచేతనే బొగ్గు, ముడి ఇనుము, ఎరువులు సముద్రముపై వేల మైళ్లు మోసినను గిట్టుబాటగుచున్నవి.

కాని ఒక సంగతి మరువరాదు. ఓడ నడచుచున్నప్పుడే సంపాదించును. నిలిచి యున్నప్పుడు దినదినమును ఖర్చు చేయును. రేవులో మూడు దినములలో దిగవలసిన సరుకు ఆరు దినములకు దిగినచో, ఆ మూడు దినముల కిరాయి చివరకు వర్తకుని బస్తా మీదను, కొనువాని సంచి మీదను పడును. కావున రేవు గొప్పతనమును దాని గోడల పొడవును బట్టి గాక, వచ్చిన ఓడను ఎంత త్వరగా పంపునో దానిని బట్టి చూడవలెను. ఇట్లు పంపవలెనన్న రేవునకు మూడు కావలెను: లోతు, దారి, నమ్మకము. ఈ మూటిలో ఏది తగ్గినను రేవు నిలువదు. మన తీరపు చరిత్ర యంతయు దీనికి సాక్ష్యము.

ముందుగా లోతు మాట. బంగాళాఖాతపు ఈ పడమటి ఒడ్డున సహజమైన రేవులు మిక్కిలి తక్కువ. తీరము తిన్నగా నుండును, నీరు దూరము వరకు లోతు లేక యుండును, అలలు ఒడ్డున విరుగుచుండును. అయినను మన పూర్వులు వెనుదీయలేదు. క్రీ. శ. రెండవ శతాబ్దమున టాలెమీ యను గ్రీకు భూగోళవేత్త, తూర్పు దేశములకు పోవు ఓడలు తీరము విడిచి సముద్రములోనికి మరలు చోటునకు సమీపముగా పాలూరా యను పట్టణమును పేర్కొనెను. అది మన ఋషికుల్యా నది ముఖద్వారమునకు దగ్గరనున్న పాలూరేయని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. అనగా ఈ గంజాము సీమ పేరు నాటికే ఓడవారికి తెలిసినదన్నమాట.

పెద్ద ఓడలు దూరముగా లంగరు వేసి నిలువగా, సరుకును ఒడ్డునకు చేర్చినవి మసూలా పడవలు. వాని బల్లలకు మేకులుండవు. కొబ్బరి పీచు త్రాళ్లతో బల్లలను కుట్టెడివారు. అల తాకినప్పుడు మేకు కొట్టిన పడవ పగులును, కుట్టిన పడవ వంగి లేచును. మద్రాసులో దొరలును దొరసానులును ఆ పడవలలోనే ఒడ్డు చేరిరి. అక్కడ 1861లో ఇనుప వంతెన పూర్తియగువరకు వేరు దారి లేకుండెను. మన గోపాలపురమున ఈ పడవలు నడిపినవారు, ఒడియావారు నోలియాలని పిలుచు మన తెలుగు మత్స్యకారులు. వారి తెడ్డు లేనిదే ఒక్క బస్తా ఓడ కెక్కలేదు, ఒక్క బస్తా ఓడ దిగలేదు. మన వర్తకుల పేర్లు గోదాముల మీద నిలిచినవి. వారి పేర్లు ఎచ్చటను వ్రాయబడలేదు. ఈ మాట మనలో మనము ఒప్పుకొనవలసినది.

లోతు పోయిన రేవు ఏమగునో చెప్పుటకు కోరంగి చాలును. గోదావరి ముఖమున ఓడలు కట్టుటకును, బాగుచేయుటకును పేరెన్నికగన్న రేవది. 1789లో ఒకసారి, 1839 నవంబరులో మరియొకసారి తుఫానులు దానిని ముంచివేసెను. నది తెచ్చిన ఒండ్రు మిగిలిన పని చేసెను. ఓడలు కాకినాడకు తరలిపోయెను. రేవు పోయినను పేరు మాత్రము మిగిలెను. బర్మా దేశమున తెలుగువారినందరిని కోరంగీలని పిలిచిరి. మన తాతలు ఆ మాటను రంగము వీథులలో ఎన్నిమారులు విన్నారో!

ఇసుక సంగతియు చెప్పవలెను. ఈ తీరము వెంట అలలు ఇసుకను ఏడాదిలో ఎక్కువ కాలము దక్షిణము నుండి ఉత్తరమునకు నడపుచుండును. అలలను ఆపుటకు సముద్రములోనికి గోడ కట్టినచో, దక్షిణపు వైపున ఇసుక మేట వేయును, ఉత్తరపు వైపున ఒడ్డు కోసికొనిపోవును. మద్రాసు రేవు కట్టుచుండగా 1881లో తుఫాను ఆ గోడలను దెబ్బతీసెను. తిరిగి కట్టిరి. తరువాత దక్షిణమున మెరీనా ఇసుకతీరము వెడల్పయ్యెను. ఉత్తరమున రాయపురము వైపు ఒడ్డు తరిగిపోయెను. విశాఖపట్నమున ఇంజనీర్లు ఈ ఇసుకను ఆపుటకై రెండు పాత ఓడలను ముంచి, వానినే అడ్డుకట్టగా చేసిరి. రేవు నొక్కసారి త్రవ్విన చాలదు. ఏటేట పూడిక తీయవలెను. ఇల్లు ఊడ్చుట వంటిదే యిదియు. మానిన మరునాడే దుమ్ము పేరుకొనును.

ఇక దారి సంగతి. రేవు ఎంత లోతైనను, వెనుక నుండి సరుకు రానిచో అది చేపలకు తప్ప ఎవరికిని పనికిరాదు. విశాఖపట్నము నే చూడుడు. 1931లో రాయపూరు నుండి విజయనగరము వరకు రైలుమార్గము పూర్తియైనది. 1933లో రేవు తెరువబడినది. ముందు దారి, వెంటనే రేవు. 1960ల దశకములో కిరండూలు నుండి కొత్తవలస వరకు కొండలను తొలిచి వేసిన రైలుమార్గమున బైలడిల్లా ఇనుపరాయి దిగివచ్చెను. 1976లో బయటి రేవు ఏర్పడి మరింత పెద్ద ఓడలు వచ్చినవి.

మన రాష్ట్రమున పారాదీపు సంగతియు నిట్టిదే. 1962 జనవరి 3వ తేదీన జవహర్లాల్ నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. దానికై పట్టుబట్టినవారు బిజూ పట్నాయక్‌గారు. మడ అడవుల నడుమ రేవేమిటని నవ్వినవారు నవ్విరి. కాని గనుల నుండి రేవునకు మొదట రోడ్డును, తరువాత కటకము మీదుగా రైలును వేసిరి. 1966 ఏప్రిలులో అది ప్రధాన రేవుగా ప్రకటింపబడెను. 2023-24 సంవత్సరములో సుమారు 14.5 కోట్ల టన్నుల సరుకు చేరవేసి, దేశమందలి ప్రధాన రేవులలో ప్రథమ స్థానము పొందెను. అరువదేండ్ల క్రిందట నవ్వినవారి మనుమలు నేడు అక్కడ ఉద్యోగములకు దరఖాస్తులు పెట్టుచున్నారు.

ఇప్పుడు మన గోపాలపురమునకు వత్తము. పూర్వము ఈ సీమకు గంజాము పట్టణమే రేవు, అదియే ముఖ్యపట్టణము. 1815 ప్రాంతమున వచ్చిన విషజ్వరములచే ఆ ఊరు పాడుపడగా కచేరీలు తరలిపోయెను. క్రమముగా వర్తకము గోపాలపురమునకు మారెను. మద్రాసు రాజధానిలో మన జిల్లాయుండిన ఆ దినములలో అక్కడ స్టీమర్లు ఆగెడివి, గోదాములు లేచెను, దీపస్తంభము వెలిగెను. ధాన్యము, నూనెగింజలు పోయెడివి. అంతకంటె ఎక్కువగా మనుష్యులు పోయెడివారు. మేస్త్రీ చేతిలో బయానా పుచ్చుకొని, రంగము పోయి, మిల్లులలోను రేవులోను మూటలు మోసి, అప్పు తీర్చి, మిగిలినది ఇంటికి పంపినవారు మన జిల్లాలో ఎందరో గలరు. రంగము రేవులో కళాసీలలో అత్యధికులు తెలుగువారే. 1930 మే మాసమున వారు కూలి పెంపు కోరి పని మానిరి. వారి స్థానమున వేరొకరిని పెట్టుటతో అల్లరులు చెలరేగి, మనవారి నెత్తురు ఆ వీథులలో ప్రవహించెను. 1941 డిసెంబరులో జపానువారు రంగముపై బాంబులు వేయగా, 1942లో వేలాదిమంది కొండలు అడవులు దాటి కాలినడకను తిరిగివచ్చిరి. దారిలో పడిపోయినవారి లెక్క ఎవరును తేల్చలేకపోయిరి. ఈ సభలో అట్టి కుటుంబములవారు ఒకరిద్దరు కారు, పలువురు గలరు.

అయితే గోపాలపురము దెబ్బతిన్నది యుద్ధము వలననే కాదు. 1890ల దశకములో కలకత్తా, మద్రాసు పట్టణములను కలుపు రైలుమార్గము మన బ్రహ్మపురము మీదుగా వచ్చినప్పుడే, ఒడ్డు వెంట ఓడలలో పోవు సరుకు బండ్లకు మరలెను. రేవునకు మాత్రము రైలు రాలేదు. దారి రేవును తప్పించుకొనిపోయెను. మిగిలినది రంగము ప్రయాణము ఒక్కటియే. అదియు 1942తో ముగిసెను. గోదాముల కప్పులు కూలెను. 1936 ఏప్రిలు 1వ తేదీన మన జిల్లా ఒడిశాలో చేరినప్పుడు, మన పెద్దలు భాషను గురించియు బడులను గురించియు చింతించిరి. అది న్యాయమే. కాని సముద్రమును గురించి చింతించినవారు తక్కువ. తరువాత రెండు తరములు మనము సముద్రమునకు వీపు త్రిప్పి కూర్చుంటిమి.

మరల 1980ల దశకములో ప్రభుత్వము గోపాలపురమునకు ఉత్తరమున ఆర్జిపల్లి వద్ద, మంచి ఋతువులో మాత్రము పనిచేయు చిన్న రేవును నడిపెను. 2006లో దానిని అన్ని ఋతువులందును పనిచేయు రేవుగా చేయుటకు ప్రైవేటువారితో ఒడంబడిక జరిగెను. 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుఫాను ఇక్కడనే తీరము దాటెను. కట్టిన గోడలు, యంత్రములు దెబ్బతినెను. ఆ రాత్రి మనమందరము ఎరిగినదే. 1999 తుఫానులో మన రాష్ట్రమున సుమారు పదివేలమంది మరణింపగా, ఫైలిన్ నాడు ముందుగా పది లక్షలమందికి పైగా తరలింపబడుటచే ప్రాణనష్టము పదులలోనే నిలిచెను. రేవులో ఎగురవేయు ప్రమాద సూచికను ప్రజలు నమ్మిరి గనుక అది సాధ్యమైనది. సరుకు లేనివానికి సైతము రేవు చేయు మొదటి సేవ ఆ సూచికయే. తరువాత రేవు తిరిగి లేచెను. ఒకరి చేతి నుండి మరియొకరి చేతికి మారి, 2024లో అదానీ సంస్థ చేతికి వచ్చెను. అప్పటికి దాని శక్తి ఏటికి 2 కోట్ల టన్నులని చెప్పబడినది. జాతీయ రహదారికిని, హౌరా-చెన్నై రైలుమార్గమునకును అది కలుపబడి యున్నది. నాడు లేని దారి నేడున్నది. లోతు త్రవ్వుటకు పెట్టుబడియు యంత్రములును గలవు. మూటిలో రెండు కుదిరినవి.

ఇక మూడవది నమ్మకము. ఇది ఇంజనీర్లు కట్టునది కాదు, వర్తకుడు కట్టవలసినది. దీనిని గురించి మన తెలుగు నేలపైననే ఒక శిలాశాసనము గలదు. చీరాలకు సమీపమున మోటుపల్లి యను రేవుండెను. పూర్వము తుఫానులో చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారము, గుఱ్ఱములు, రత్నములు మున్నగువాని నన్నింటిని రాజులు లాగికొనెడివారు. 1244 ప్రాంతమున కాకతీయ గణపతిదేవుడు ఆ ఆచారమును మాన్పెను. ప్రాణమునకు తెగించి సముద్రముపై వచ్చు వర్తకునికి సరుకు ప్రాణముకంటె ఎక్కువ గనుక, నిర్ణయించిన సుంకము తప్ప వేరేమియు గ్రహింపనని శిలపై చెక్కించి అభయమిచ్చెను. సుంకము ముప్పదింట ఒక వంతు. ఆ శతాబ్దమందే మార్కో పోలో ఆ రాజ్యమును గురించి వ్రాసెను. 1358లో అనపోతారెడ్డి ఆ రేవున మరల శాసనము వేయించి వర్తకులకు అభయమిచ్చెను. ఆ రెడ్డిరాజుల కాలమందే అవచి తిప్పయ సెట్టి ద్వీపాంతరముల నుండి కర్పూరాది సుగంధద్రవ్యములు తెప్పించి, శ్రీనాథుని హరవిలాసమునకు కృతిభర్త యయ్యెను. గణపతిదేవుడు మోటుపల్లి సముద్రమును లోతు చేయలేదు. పోయిన సొమ్ము పోదను ధైర్యమును మాత్రము ఇచ్చెను. ఓడలు ఆ ధైర్యమును చూచి వచ్చినవి.

ఈ సందర్భమున మా ఇంటి సంగతి ఒకటి చెప్పుటకు అనుమతింపుడు. గోపాలపురమున ఒక గోదాములో మా ముత్తాతగారికి భాగముండెను. వారి ఖాతా పుస్తకమొకటి మా యొద్ద నేటికిని గలదు. అందులో జమ, ఖర్చు, నిలువ యను గళ్ల ప్రక్కన 'తడి' యని మరియొక గడి గలదు. చిన్నతనమున మాకది అర్థము కాలేదు. మా తాతగారు చెప్పిరి: అలలో పడవ తలక్రిందులై బస్తాలు తడిసినప్పుడు, ఆ బస్తాలను వేరుగా పెట్టి, పడవ సరంగు ఎదుటను, కొనువాని గుమాస్తా ఎదుటను విప్పి, నష్టమును ఆ గడిలో వ్రాసి పంచుకొనెడివారట. తడి బస్తాను పొడి బస్తాల నడుమ దాచి పంపుట ఆ గోదాములో లేదు. పడవవాని కూలి నుండి మొత్తము నష్టము కోయుటయు లేదు. మోటుపల్లి శాసనము మా ముత్తాతగారు చదివి యుండరు. కాని ఆ ధర్మమే ఆ గడిలో నున్నది.

అట్టి ఇంట పుట్టిన మేము చేసిన పొరపాటునుగూడ చెప్పకున్న ఈ ప్రసంగము డంబమగును. కొన్ని ఏండ్ల క్రిందట పడమటి ఆఫ్రికా నుండి ముడి జీడిగింజలు కంటెయినర్లలో తెప్పించితిమి. సరుకు దూరపు రేవు ఒకదానికి క్షేమముగా చేరినది. లాడింగు బిల్లులో మాత్రము మా సంస్థ పేరులో ఒక అక్షరము తప్పు. మేము పంపిన కాగితములోనే తప్పున్నది, మేమే సరిచూడలేదు. లాడింగు బిల్లనగా సరుకు ముట్టినట్లు రసీదు, మోయుటకు ఒడంబడిక, సరుకుపై హక్కు పత్రము, మూడును అదియే. దానిపై పేరొకటి, ఎగుమతి దిగుమతుల లైసెన్సుపై పేరొకటి యైనచో కస్టమ్సువారు సరుకు నెట్లు విడిచెదరు? ఆ అక్షరము దిద్దించుటకు పదునెనిమిది దినములు పట్టెను. ఉచితముగా ఉంచుకొను గడువు దాటెను. స్థలపు బాడుగ, కంటెయినరు బాడుగ దినమునకు దినము పెరిగెను. వేడికి గింజలలో చెమ్మ చేరి పప్పు మచ్చలు పడెను. ఆ సంవత్సరపు లాభమంతయు ఆ ఒక్క అక్షరమునకు చెల్లించితిమి. జీడి ఒలుచు ముప్పదిమంది ఆడవారికి మూడు వారములు పని లేకపోయెను. మా నష్టము మేము పూడ్చుకొంటిమి. వారి మూడు వారములు ఎవరు పూడ్చిరి? నాటి నుండి మా ఇంట ప్రతి కాగితమును ఇద్దరు చదువనిదే పంపుట లేదు.

సోదరులారా, ఆ కుర్రవాని ప్రశ్నకు బదులు ఇక్కడ నున్నది. నేటి రేవు నాటి రేవు వంటిది కాదు. నాడు వేయి మూటలకు నూరుగురు కళాసీలు కావలెను. నేడు ఒక క్రేనును, ఒక బెల్టును ఆ పని చేయును. వీపుతో మోయు పని కొరకే ఎదురుచూచినచో రేవు మనవానిని పిలువదు. కాని రేవు చుట్టు వేరు పని పెరిగినది: కాగితములు సిద్ధపరచుట, కస్టమ్సు లెక్కలు కంప్యూటరులో దాఖలు చేయుట, తూకము సరిచూచుట, సరుకు నాణ్యము పరీక్షించుట, లారీలను వేళకు కూర్చుట, యంత్రములు మరమ్మతు చేయుట, ఓడవారికి కావలసిన సామగ్రి అందించుట. ఇవి నేర్చినవానికి గోపాలపురమైనను, పారాదీపైనను, విశాఖపట్నమైనను ఒక్కటే. నేర్వనివానికి రేవు గుమ్మము ముందున్నను సూరతు రైలే గతి. నాడు మేస్త్రీ బయానా ఇచ్చి రంగము పంపెను. నేడు బయానా కూడ లేకయే మన బిడ్డలు మగ్గముల కొరకు వేయి మైళ్లు పోవుచున్నారు. పోవుట తప్పు కాదు. వేరు దారి తెలియక పోవుట మాత్రము మన తప్పు.

కావున మేము నాలుగు మాటలు సభ ముందుంచుచున్నాము.

మొదటిది. మన సంఘ భవనమున వారమునకు రెండు సాయంకాలములు రేవు వర్తకపు కాగితముల పని నేర్పు తరగతి పెట్టవలెను. లాడింగు బిల్లు, ఇన్వాయిసు, బీమా పత్రము, కస్టమ్సు దాఖలు వీనిని చేతితో పట్టుకొని నేర్పవలెను. మా ఆ తప్పు బిల్లు నకలునే మొదటి పాఠముగా నిత్తుము. బల్లలు, కంప్యూటర్లు రెండు మా కుటుంబము సమర్పించును. బోధించుటకు అనుభవజ్ఞులైన సభ్యులు ముందుకు రావలెను.

రెండవది. ఆ తరగతిలో మొదటి స్థానములు గోపాలపురము, ఆర్జిపల్లి తీరమందలి మత్స్యకారుల బిడ్డలకు ఈయవలెను. వారు తెలుగువారే. మన పెండ్లి పిలుపులు వారి యిండ్లకు పోవుట లేదను నిజము మనము ఎరుగుదుము. వారి తెడ్డు మీద మన తాతల గోదాములు నిలిచినవి. ఆ బాకీ నేటికిని తీరలేదు.

మూడవది. గోడ కట్టిన చోట ఒడ్డు కదలును. ఇసుక లెక్క ఈ తీరమున ఎవరికిని మినహాయింపు నీయదు. కావున రేవు పెరుగునప్పుడెల్ల ఉత్తరపు ఒడ్డున నున్న గుడిసెలు, తెప్పలు నిలుపు చోట్లు ఏమగునో ముందుగా కొలిచి, ఆ కొలతలను ప్రజలకు చూపవలెనని జిల్లా అధికారులకు మన సంఘము విన్నపము పంపవలెను. అది రేవునకు విరోధము గాదు. తీరమువారి నమ్మకము పోయిన రేవు ఎన్నాళ్లు శాంతితో పనిచేయగలదు?

నాలుగవది. మన పిల్లలు తెలుగు మరువరాదు, ఒడియాను తక్కువగా చూడరాదు. ఇంట తెలుగు, బజారులో ఒడియా, కాగితములపై ఆంగ్లము వచ్చినవాడు రేవులో ముగ్గురి పని చేయగలడు. పూర్వము రేవులలో దుబాసీలకు గల గౌరవము రెండు భాషలు వచ్చుట వలననే వచ్చినది. మనము పుట్టుకతోనే దుబాసీలము. అల్పసంఖ్యాకులమను చింతను కొంచెము ప్రక్కకు పెట్టి చూచినచో, అదియే మన మూలధనము.

ఆ కుర్రవాడు సంక్రాంతికి వచ్చెదనని తల్లికి ఫోను చేసినాడట. అప్పటికి మన తరగతి తెరచి యుండవలెనని మా కోరిక. అతడు వచ్చి కూర్చుండునో, మరల సూరతునకే పోవునో అతని యిష్టము. కాని "రైలు ఎందుకెక్కాలి" అని మరల అడిగిననాడు, మేము తలవంచుకొని నిలువరాదు. అతని కొరకు ఒక బల్ల వేసి యుంచితిమని చెప్పగలుగవలెను.